తనిఖీ నీళ్లు

పోయిన వారం జనార్దనం కాఫీ గ్లాసు నోటిదాకా తెచ్చి, సంతోషం ఎక్కువై తాగడం మరిచిపోయిన దగ్గర ఆగాం. ఆ కాఫీ చల్లారిపోయింది. సంతోషం మాత్రం ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

ఆ సంతోషానికి కారణం సంధ్య కష్టం. నంద్యాల కాలేజీలో ఆయన కిందే పాఠాలు చెప్పే ఈ పిల్ల, ఆళ్లగడ్డ పక్కన తన నాయన ఓబులేసు వేసుకున్న పేడదిబ్బలో, వేడంటే ప్రాణమిచ్చే ఒక వైరస్‌ను పట్టింది. ఆ వైరస్ కడుపులోంచి డీఎన్ఏను కోసే ఎంజైమును పట్టింది. పత్రికల్లోకి ఎక్కింది, శాలువా కప్పించుకుంది. అంతా అయ్యాక బెంగళూరు నుంచి పిడుగులాంటి కబురు: అదే ఎంజైము అక్కడి ప్రయోగశాలలో ఒక్క పోగు కూడా కోయలేదట! ఎంజైము కోయకపోతే కోతలు కోసిందెవరు? సంధ్యేనని నలుగురూ అనుకోవడం మొదలుపెట్టారు. సంగతి తేల్చడానికి బెంగళూరు శాస్త్రవేత్త శ్రీకాంత్ స్వయంగా నంద్యాలలో దిగాడు. ఈ రోజు పొద్దు గూకేలోపు ఆయన కళ్లముందు ఎంజైము కోస్తే సంధ్య గట్టెక్కినట్టు. కోయకపోతే, తన పరిశోధన వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నానని సంతకం పెట్టాలి. ఆ సంతకంతో పాటే ఉద్యోగమూ ఊడుతుందని ప్రిన్సిపాల్ సుబ్బరాయుడు ముందే చెప్పేశాడు.

జనార్దనం ఆ డిపార్టుమెంటుకు హెడ్డు. నంద్యాల బజారులో కిరాణా అంగడి ఇంట పుట్టినవాడు. అన్నదమ్ములు కందిపప్పు తూస్తుంటే ఈయన పుస్తకాలు తూచి ఎమ్మెస్సీ అయ్యాడు. చదువు మారినా చేతి అలవాటు మారలేదు, ఏది కనబడినా తక్కెడలో పెడతాడు. మూడేళ్లుగా ఆ తక్కెడలో ఒక పక్క తాను, ఇంకో పక్క సంధ్య. తన పళ్లెం గాల్లో, ఆమె పళ్లెం నేలమీద. గాల్లో ఉండటం అంటే పైన ఉండటమేనని మనసుకు ఎంత నచ్చజెప్పుకున్నా, అంగడి ఇంట పుట్టినవాడికి ఏ పళ్లెం పైకి పోతే ఏమర్థమో తెలియదా?

ఆయనకూ ఒకప్పుడు వేడిలో బతికే జీవుల మీద మోజుండేది. చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ నీళ్లను సీసాల్లో మోసుకొచ్చి నెలల తరబడి వెదికాడు. బాయిలర్‌లో నీళ్లు ఆవిరయ్యాయి, తర్వాత ఆయన ఆశలూ ఆవిరయ్యాయి. అందుకే సంధ్య వచ్చి "దిబ్బలో వెదుకుతాను సార్" అన్నప్పుడు, "పెంటలో పీహెచ్‌డీ ఏందమ్మా? ముక్కు మూసుకోని సంతకం పెట్టల్లనా నేను?" అని నవ్వాడు. ఆ నవ్వు ఇప్పుడు గొంతుకు అడ్డం పడి ఉంది. దిబ్బ కుళ్లితే వేడి పుడుతుంది, ఆ వేడిలో ఏవేవో బతుకుతాయి. మనిషి కుళ్లినా వేడి పుడుతుంది, కాకపోతే అందులో ఏదీ బతకదు.

పోనీ ఇంటికి పోతే చల్లగా ఉంటుందా అంటే అదీ లేదు. భార్య రాజేశ్వరి సంధ్య ఫోటోను పేపర్లోంచి కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. మజ్జిగ కోసం వెళ్లిన ప్రతిసారీ సంధ్య పేడదిబ్బ పక్కన నిలబడి ఆయన్ను చూసి నవ్వుతుంది. "ఆ పిల్ల పేడలో పేరు తీసినాది. మీరు పేరుకు మటుకు హెడ్డు" అని రాజేశ్వరి తాలింపు వేస్తుంది. మజ్జిగ కడుపులోకి పోయేసరికి కాగిపోతుంది.

ఈ పొద్దు మాత్రం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెండ్లికి పెద్దలా ముందే వచ్చి ల్యాబులో కూర్చున్నాడు.

శ్రీకాంత్ తన పెట్టె తెరిచాడు. నీళ్ల సీసా, ఉప్పుల సీసాలు, ట్యూబులు, కోయించడానికి డీఎన్ఏ, అన్నీ ఆయన వెంట తెచ్చుకున్నవే. కట్నాలు తప్ప అన్నీ తెచ్చుకున్న అల్లుడిలా ఉన్నాడు. సంధ్య దగ్గర తీసుకునేది ఎంజైము ఒక్కటే. అప్పుడే గుమ్మంలో గోతం ఒకటి దబ్బుమని దిగింది. గోతం వెనక ఓబులేసు.

"నమస్కారం సార్. మా దిబ్బ నుంచి తాజా సరుకు. ఇంగా పొగ పోతాండాది సూడు. ఈడ యాడ దించల్ల?"

"దించినాక అడగతావేందన్నా?" అన్నాడు జనార్దనం. "ల్యాబులోకి పెంట గోతం ఏంది? బయట పెట్టు."

"బయట పెడ్తే చల్లారిపోతాది సార్. చల్లారితే దాంట్లో పురుగులు పన్జెయ్యవంట. మా పాప చెప్పినాది."

శ్రీకాంత్‌కు నవ్వొచ్చింది. "మీ దిబ్బకు మంచి పేరొచ్చింది గదండీ?"

"పేరొచ్చి ఏం లాభం సార్? పేపర్లో వైరస్ అని ఏసినప్పట్నుంచి మా ఎరువు ఎవురూ ముట్టడంల్యా. మా పక్కచేను యశోదమ్మ నాతో మాట్లాడల్లంటే మూతికి పైట కట్టుకుంటాది. అది మనిషిని పట్టేది కాదు తల్లీ, దిబ్బలో పురుగును పట్టేదని చెప్పి చెప్పి నా నోరు పడిపోయె." ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఇంతకీ ఏం కోయిస్తాండావ్ పాపా, ఈ సారుకు?"

సంధ్య రాత్రంతా నిద్రపోని కళ్లతో పిపెట్టు తుడుచుకుంటోంది. అయినా నాయనకు చెప్పకుండా ఉండలేదు.

"వైరస్‌కు తలకాయ గోతం మాదిరి నాయనా. దాంట్లోకి డీఎన్ఏ దారాన్ని కూరతాది. దారమేమో యాడా తెగకుండా చాంతాడు మాదిరి వస్తానే ఉంటాది. తల నిండినాక కత్తిరించల్ల గదా? ఆ కత్తెరే ఈ ఎంజైము."

"అంటే తల నిండినాకనే కోస్తాదా?"

"ఆఁ. తల నిండినాకనే."

తల నిండితే కోసే జాతి ఒకటి, కోతలతోనే తల నింపుకునే జాతి ఇంకొకటి. రెండో జాతి హెడ్డు కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకుంది.

"మరి నిప్పుల మీద పెడ్తే ఉడికిపోదా మ్మే అది?" అన్నాడు ఓబులేసు.

"మామూలువైతే అరవై డిగ్రీలకే ఉడికిన గుడ్డు అయిపోతాయి. ఇది మనింటి అడకత్తెర మాదిరి నాయనా. రెండు దవడలు. లోపల యాడా సందు లేకుండా ముడి మీద ముడి బిగించుకోని ఉంటాది. వేడికి ఆ ముడి ఊడదు. సల్లగుంటేనే బిర్రబిగుసుకోని కదలదు. రెండు దవడల నడుమ పట్టుకోవడానికి దానికి ఒక లోహపు గింజ కావల్ల. అది మెగ్నీషియం. ఆ గింజ లేకపోతే దవడలు మూసుకున్నా పోగు తెగదు."

"మంచిది" అన్నాడు శ్రీకాంత్. "నా ఉప్పుల్లో మెగ్నీషియం సరిగ్గా మీరు రాసినంతే ఉంది. కానిద్దామా?"

ట్యూబుల్లో డీఎన్ఏ, ఉప్పు, నీళ్లు, ఎంజైము. డెబ్బై డిగ్రీల వేడి దిమ్మెలో కూర్చోబెట్టారు. తర్వాత జెల్ అనే పల్చటి జెల్లీ పలకలో పోసి కరెంటు పెట్టారు. డీఎన్ఏ తెగి ఉంటే రెండు గీతలు, తెగకపోతే ఒకటే గీత. దీపం వేసి నలుగురూ వంగారు.

ఒకటే గీత. నిండుగా, నిటారుగా, నిలువునా సంధ్యను ముంచేలా.

జనార్దనానికి కడుపులో పాలు పోసినట్టయింది, పాలల్లో చక్కెర వేసినట్టయింది, చక్కెర మీద ఏలకులు చల్లినట్టయింది. మొహంలో మాత్రం చావింటి విచారం తెచ్చుకున్నాడు. "పోనీలేమ్మా. సైన్సులో ఓడిపోవడం గూడ ఒక..." అని ఒక మంచి మాట కోసం వెతుక్కుంటుండగా సంధ్య మధ్యలోనే, "ఇంగొకసారి చేస్తా. నా నీళ్లతో, నా ఉప్పులతో" అంది.

ఆయన వరండాలోకి పోయి భార్యకు ఫోన్ చేశాడు. కడుపుబ్బరం ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఎలా?

"రాజేశ్వరీ, తెగల్యా!"

"ఏందీ తెగల్యా? కేబులా?"

"సంధ్య ఎంజైము. ఆ సారు ముందరే తెగల్యా."

"అయ్యో పాపం! పొద్దున్నుంచి ఆ పిల్ల ఏమన్నా తినిందా? మీ క్యారియర్‌లో ఉగ్గాని పెట్టినా. ఆ పిల్లకు ఇయ్యండి. మీరు ఒకపూట తినకపోతే ఏం కాదు."

ఫోన్ పెట్టేశాడు. గెలిచిన పొద్దు కూడా తన ఉగ్గాని తనది కాకుండా పోయింది.

రెండోసారి అంతా సంధ్య సరుకే. ఉప్పులు ఆమెవి. నీళ్లు, బల్ల చివర 'డిస్టిల్డ్ వాటర్' అని చీటీ అంటించిన పెద్ద తెల్ల క్యాన్‌లోవి. ఎంజైము వేయని ట్యూబు కూడా ఒకటి పక్కన పెట్టింది, తర్వాత మాట పడకుండా. దీపం వేశారు. ఎంజైము లేని దాంట్లో ఒకటే గీత. ఎంజైము ఉన్నదాంట్లో రెండు. ముగ్గుపిండితో గీసినట్టు స్పష్టంగా రెండు!

"తెగినాది!" ఓబులేసు తొడ చరిచాడు. "మా దిబ్బ తడాఖా!"

జనార్దనం కడుపులో పాలు విరిగిపోయాయి. కానీ శ్రీకాంత్ మొహం చూసి ఆగాడు. ఆ మొహంలో మెప్పు లేదు.

"మేడమ్," అన్నాడు శ్రీకాంత్ నెమ్మదిగా, "నా సరుకుతో కోయలేదు. మీ సరుకుతో కోసింది. రాసుకున్న కొలతలు రెండింటికీ ఒకటే. అంటే మీరు రాయనిదేదో మీ సీసాల్లో ఉంది."

"ఏముంటాది సార్? నేనేం దాచల్యా."

"వంట అందరికీ చెప్పి, ఒక దినుసు మాత్రం కొంగున ముడేసుకునేవాళ్లను నేను చాలామందిని చూశాను. రేపు ఏదో కంపెనీ వస్తే ఆ దినుసు అమ్ముకోవచ్చు. అది వ్యాపారం. దాన్ని సైన్సు అని రాయకూడదు."

సంధ్య పిపెట్టు బల్లమీద పెట్టేసింది.

"మా పాప దొంగది అంటాండావా సార్?" ఓబులేసు గొంతు మారింది.

"ఆ మాట నేననలేదు."

"అన్ల్యా. అన్నట్టే ఉండాది." కోపంతో ఓబులేసుకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గోతం మోసిన చేతులు కదా, కడుక్కుందామని మూలనున్న బేసిన్ దగ్గరికి పోయాడు. కొళాయి తిప్పి, "థూ! ఏందీ బేసిను? పేరుకు తెల్లది, నిండా నల్ల సారలు. మా ఎనుములు తాగే తొట్టే నయం. బోరు నీళ్లా సార్ ఇవి?" అన్నాడు.

జనార్దనం అలవాటుగా "ఆఁ, బోరు నీళ్లే" అన్నాడు. అని, బేసిన్ వైపు చూశాడు. చూసి, బల్ల చివర క్యాన్ వైపు చూశాడు. మళ్లీ బేసిన్. మళ్లీ క్యాన్.

ఆ కాలేజీ బోరు నీళ్లలో మాంగనీసు ఎక్కువ. నీళ్లు పరీక్ష చేయించింది జనార్దనమే. బేసిన్లకు నల్ల చారలు పట్టేది దానివల్లే, తాగడానికి బయటి క్యాన్లు తెప్పించేదీ దానివల్లే. ఇక ఆ తెల్ల క్యాన్ కథ ఈ ల్యాబులో ఆయనొక్కడికే తెలుసు.

ఉగాది ముందు కాలేజీకి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వచ్చింది. తనిఖీ వస్తుందంటే కాలేజీలు ఎలా ముస్తాబవుతాయో వేరే చెప్పాలా? పూలకుండీలు అద్దెకు వచ్చాయి, లైబ్రరీ పుస్తకాలు పక్క కాలేజీ నుంచి అరువుకు వచ్చాయి. డిస్టిల్డ్ వాటర్ తీసే యంత్రం కాయిలు మాత్రం కాలిపోయి కూర్చుంది. "కాయిలు తర్వాత సూద్దాం. సీసా నిండుగా ఉంటే ప్రశ్న ఖాళీగా ఉంటాది జనార్దనా" అని సుబ్బరాయుడు సూత్రం చెప్పాడు. జనార్దనం పైపు తగిలించి బోరు నీళ్లతో క్యాన్ నింపి, చీటీ అంటించాడు. బృందం వచ్చింది, క్యాన్‌ను చూసి తల ఊపింది, గ్రేడిచ్చి పోయింది. కుండీలు వెనక్కి పోయాయి, పుస్తకాలు వెనక్కి పోయాయి. క్యాన్ మిగిలిపోయింది. ఆ వారమంతా సంధ్య ఆళ్లగడ్డలో దిబ్బ పక్కన థర్మామీటరు పట్టుకుని కూర్చుంది. తిరిగొచ్చి, నిండు క్యాన్ చూసి నిజమనుకుంది. ఎంజైము పని మొత్తం ఆ తనిఖీ నీళ్లతోనే చేసింది.

అంటే ఆ అడకత్తెర పట్టుకునే గింజ మెగ్నీషియం కాదు. మాంగనీసు! ఉప్పులో ఆమె కొలిచి వేసింది పని చేయలేదు, నీళ్లలో ఎవరూ కొలవకుండా వచ్చింది పని చేసింది. బెంగళూరు నీళ్లు మరీ శుద్ధం, అందుకే అక్కడ కత్తెరకు గింజ దొరకలేదు.

సరిగ్గా అప్పుడే శ్రీకాంత్ ఆయన వైపు తిరిగాడు. "హెడ్డు గారూ, మీరు చెప్పండి. ఈ క్యాన్‌లో నీళ్లు ఎక్కడివి?"

అంగడి బిడ్డ తక్కెడ ఎత్తాడు. నిజం చెబితే? తనిఖీ బండారం బయటపడుతుంది, సుబ్బరాయుడు తోలు తీస్తాడు. అది ఒక తూకపురాయి. కానీ దాన్ని మించి బరువైనది అదే పళ్లెంలో ఇంకొకటి ఉంది. నిజం చెబితే సంధ్య గట్టెక్కడమే కాదు, ఇంకో మెట్టెక్కుతుంది. దిబ్బ వైరస్ కత్తెర అందరిలా మెగ్నీషియం తీసుకోదు, మాంగనీసు అడుగుతుందని రెండో వ్యాసం. రెండో శాలువా. ఫ్రిజ్ తలుపు మీద రెండో ఫోటో. ఒక తలుపుకు ఎన్ని ఫోటోలు పడతాయి!

"డిస్టిల్డే" అన్నాడు జనార్దనం. "దానికి నా పూచీ."

"అయితే తేడా మేడమ్ గారి ఉప్పుల్లోనే ఉంది." శ్రీకాంత్ నిట్టూర్చి, సంతకం పెట్టాల్సిన కాగితాన్ని బల్లమీద పెట్టాడు. "బెంగళూరుకు ఫోన్ చేసి వస్తాను. ఆలోచించుకోండి." బయటికి పోయాడు.

సంధ్య కాగితం వైపు చూడలేదు. జనార్దనం ముందుకు వచ్చి నిలబడింది.

"సార్, ఈసారి మీరు చేయండి."

"నేనా? ఏందీ?"

"ఆ సారు ఉప్పులు, ఆ సారు డీఎన్ఏ. నీళ్లు మీరు పూచీ పడినవే. నేను దగ్గరికి గూడ రాను. మీ చేత్తో చేయండి."

"నేనెందుకమ్మా నడుమన..."

"ఈ నంద్యాలలో నా ఎంజైము కోయగూడదని మనసారా కోరుకునే మనిషి మీరొక్కరే సార్. మీ చేతిలో తెగితే ఇంగ ఎవురూ కాదనలేరు."

జనార్దనం ఇస్త్రీ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"నాకు తెల్దనుకున్యారా?" అంది సంధ్య. "శాలువా కప్పేటప్పుడు దాన్ని ఎంత గట్టిగా బిగించినారో నా మెడకు తెల్సు. నా పేరు నేమ్‌బోర్డుకు ఎక్కినప్పట్నుంచి ఆ బోర్డు తుడిచేవాళ్లు లేరు. నేనేం అనల్యా. మా నాయనకు గూడ చెప్పల్యా."

"చెప్పకపోతే ఏంలే, ఇప్పుడు ఇన్యా" అన్నాడు ఓబులేసు బేసిన్ దగ్గర్నుంచి.

తిట్టి ఉంటే జనార్దనం తట్టుకునేవాడు. ఏడ్చి ఉంటే ఇంకా బాగా తట్టుకునేవాడు. తన ఏడుపును ఆమె ఇంత నిబ్బరంగా తన ఎదుటే పెట్టి, దాన్నే తీర్పరిగా కూర్చోమనడం భరించలేకపోయాడు. తన కుళ్లు కూడా చివరికి ఈ పిల్లకు ఎరువేనా?

ఆ మంటలోంచే ఒక ఆలోచన లేచింది. సంధ్యకు కత్తెర తెలుసు. కత్తెర ఎందుకు కోస్తోందో మాత్రం తెలియదు. బెంగళూరుకు తెలియదు. ఈ భూమ్మీద ఆ సంగతి తెలిసినవాడు ప్రస్తుతం ఒక్కడే. బాయిలర్ చుట్టూ తిరిగి తిరిగి వట్టి చేతులతో వచ్చినవాడు. ఇది నాది, అనుకున్నాడు జనార్దనం. ఇదొక్కటి నాది.

"సరే, చేస్తా" అన్నాడు. "మీరిద్దరూ అట్ల కిటికీకాడ నిలబడండి."

చేతులు పాత విద్య మరిచిపోలేదు. ఒక ట్యూబులో శ్రీకాంత్ సీసా నీళ్లు. రెండో ట్యూబు పట్టుకుని బేసిన్ దగ్గరికి పోయి, ఒళ్లు అడ్డం పెట్టి, కొళాయి కింద పట్టాడు. దిమ్మె వేడెక్కింది. ఆయన చొక్కా ఇస్త్రీ చెమటకు కరిగిపోయింది. జెల్ నడిచే దాకా ఆయన ఉగ్గాని క్యారియర్ వైపు కూడా చూడలేదు. శ్రీకాంత్ తిరిగొచ్చి, జరుగుతున్నది విని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

దీపం వేశారు.

మొదటి దాంట్లో ఒకటే గీత. రెండో దాంట్లో రెండు.

శ్రీకాంత్ కండ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "నా ఉప్పులు, నా డీఎన్ఏ! సార్, ఈ రెండో దాంట్లో ఏం పోశారు?"

జనార్దనం లేచి నిలబడ్డాడు. ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన గొంతుకు ఒక్కసారిగా ప్రాణం వచ్చింది.

"బోరు నీళ్లు. మా బోరులో మాంగనీసు ఉండాది శ్రీకాంత్ గారూ. ఈ ఎంజైము అందరూ అనుకున్నట్టు మెగ్నీషియం పట్టుకునే రకం కాదు. దీని దవడల నడుమ కూర్చునేది మాంగనీసు. మీ నీళ్లు మరీ సుద్దంగా ఉండాయి, అందుకే మీకాడ కోయల్యా." ఊపిరి తీసుకున్నాడు. "ఇది సంధ్యకు తెల్దు. కనిపెట్టినది నేను."

శ్రీకాంత్ రెండు చేతులతో ఆయన చేయి పట్టుకున్నాడు. "అద్భుతం సార్! వేడి వైరస్ కత్తెరలో మాంగనీసు! మాంగనీసు ఉప్పు విడిగా వేసి ఖాయం చేసుకుందాం. దీని మీద వ్యాసం రావాలి, మొదటి పేరు మీదే ఉండాలి. మేడమ్, మిమ్మల్ని అనరాని మాట అన్నాను. మీరేం దాచలేదు, మీకే తెలియలేదు."

మొదటి పేరు! జనార్దనం నేలమీద లేడు. మూడేళ్లలో తొలిసారి తక్కెడ ఇటు వంగింది. ఓబులేసు కూడా దండం పెట్టాడు. "నువ్వు దేవుడివి సార్. నా బిడ్డను కాపాడినావ్. నిన్ను గురించి తప్పుగా అనుకున్యా."

సంధ్య ఒక్కతే నవ్వలేదు. ఊరట ఆమె కళ్లల్లో తడిగా మెరిసింది, మెరిసి అక్కడే ఆగిపోయింది. నెమ్మదిగా బల్ల చివరికి నడిచింది. క్యాన్ మూత తీసింది. కిటికీ వెలుతురులో వంచి లోపలికి చూసింది. తెల్ల క్యాన్ అడుగున, బేసిన్‌లో ఉన్నట్టే, నల్లటి చార.

"సార్," అంది. "నా ప్రయోగం ఈ నీళ్లతోనే తెగినాది గదా."

జనార్దనం చేయి ఇంకా శ్రీకాంత్ చేతుల్లోనే ఉంది.

"అంటే దీంట్లో ఉండేది గూడ బోరు నీళ్లే. ఇందాక ఈ సారు అడిగినప్పుడు డిస్టిల్డే, నా పూచీ అన్యారు. నన్ను దొంగను చేసి కాగితం ముందర పెడ్తాంటే సూస్తా నిలబడినారు." ఆమె మూత తిరిగి పెట్టలేదు. "మీకు ఇది ఎప్పట్నుంచి తెల్సు సార్?"

శ్రీకాంత్ చేతులు మెల్లగా వదిలాయి.

రెండు గీతలు చూశాకే తెలిసిందంటే, బోరు కొళాయికి ఒళ్లు అడ్డం పెట్టినవాడు శాస్త్రవేత్త కాదు, చేలో పడిన గుడ్డెద్దు. మొదటి పేరు పోతుంది. ముందే తెలుసంటే, ఆడపిల్ల నెత్తిన నింద పడుతుంటే నోరు మూసుకున్నవాడు. పేరే కాదు, మొహమూ పోతుంది. అడకత్తెర రెండు దవడలూ ఇంత బిర్రుగా మూసుకుంటాయని జనార్దనానికి ఏ పుస్తకంలోనూ చదివిన గుర్తు లేదు.

ఓబులేసు దండం పెట్టిన చేతులు దించుకున్నాడు. వెనక్కి పోయి ల్యాబు తలుపు దగ్గరికి వేసి, స్టూలు ఒకటి లాక్కుని, దానికి అడ్డంగా కూర్చున్నాడు.

"నిదానంగా చెప్పు సార్" అన్నాడు. "ఆళ్లగడ్డకు ఇంగా శానా బస్సులుండాయి."